మొగలి అత్తరుకు పచ్చిదనం: సిస్-3-హెక్సెనాల్ వాడే విధానం

వానలు మొదలై ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు మొగలి భట్టీలు వెలిగే రోజుల్లో, బరంపురం చుట్టుపక్కల చిన్న ఎత్తున అత్తర్లు కలుపుకునే వారు ఏటా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తెల్లవారుజామున పొద దగ్గర మొగలి పొత్తి విప్పినప్పుడు ముక్కుకు తగిలే ఆ పచ్చి ఆకు వాసన, అదే పువ్వు నుంచి భట్టీలో తీసిన సుగంధ తైలమైన రూహులో ఎందుకు ఉండదు, దానిని తిరిగి ఎలా తేవాలి అన్నది ఆ ప్రశ్న. పచ్చి ఆకు వాసన ఇచ్చే సిస్-3-హెక్సెనాల్ అనే రసాయనాన్ని తెప్పించి వాడిన వారి మాట మరొకటి: కొద్దిగా వేస్తే అరగంటలో మాయమవుతోంది, ఎక్కువ వేస్తే అత్తరంతా గడ్డి కోసిన మైదానంలా తయారవుతోంది. ఈ రెండింటికీ సమాధానం ఒకే పని విధానంలో ఉంది కనుక, దానిని మొదటి నుంచి చివరి వరకు ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతం కొద్దిగానే చెబుతాను. మొగలి రూహులో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం. రూహులోని తీపి, ఘాటు ప్రధానంగా దాని నుంచే వస్తాయి. సిస్-3-హెక్సెనాల్ అలాంటిది కాదు. ఆకు తెగినా నలిగినా ఆ గాయం వద్ద పుట్టే పదార్థాలలో ఇది ఒకటి. అందుకే దీనిని ఆకు ఆల్కహాలు అని కూడా అంటారు. తేయాకులో, గడ్డిలో, ఎన్నో ఆకుకూరలలో ఇది సహజంగానే ఉన్నప్పటికీ, బజారులో సరసమైన ధరకు దొరికేది కర్మాగారంలో సంశ్లేషణ చేసినదే. అణువు చిన్నది కావడం వలన త్వరగా ఎగిరిపోతుంది. పైన చెప్పిన ఇబ్బందులలో సగం ఈ గుణం వలన వచ్చినవే.

తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. పచ్చిదనం అంటే తాజాదనం. పచ్చివాసన అంటే ఇంకా వేగవలసిన పిండికీ మసాలాకూ పట్టి ఉండే లోపం. హెక్సెనాల్ వాడకంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా తక్కువ. మోతాదు కాస్త దాటినా మొదటిది రెండవదిగా మారిపోతుంది.

కావలసినవి

సిస్-3-హెక్సెనాల్ 10 గ్రాములు చాలు. ఇంట్లో కలుపుకునే వారికి అది చాలా కాలం వస్తుంది. కొనేటప్పుడు పేరును మాత్రమే నమ్మకుండా సీసా మీద ఉన్న సీఏఎస్ సంఖ్యను, అంటే ప్రతి రసాయనానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యను, చూడండి. అది 928-96-1 అయి ఉండాలి. 928-97-2 అని ఉంటే అది ట్రాన్స్-3-హెక్సెనాల్, 928-95-0 అని ఉంటే ట్రాన్స్-2-హెక్సెనాల్. పేర్లు, సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండడం వలన పొరపాటున వేరే సరుకు రావడం అరుదేమీ కాదు. శుద్ధత 98 శాతం లేదా అంతకు మించి ఉన్నది తీసుకోండి. దానితో పాటు ఇఫ్రా (అంతర్జాతీయ సుగంధ సంఘం) ధ్రువపత్రం, భద్రతా వివరాల పత్రం అడిగి తీసుకోండి. అడిగినా ఇవ్వని వ్యాపారి దగ్గర కొనవద్దు.

మిల్లీగ్రాము వరకు, అంటే 0.001 గ్రాము వరకు, చూపే చిన్న కాటా కావాలి. ఇది లేకుండా ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. బొట్లు లెక్కపెట్టడం వలన ఫలితం ప్రతిసారీ మారుతుంది, ఎందుకంటే బొట్టు బరువు గొట్టం మూతిని బట్టి, ద్రవం చిక్కదనాన్ని బట్టి మారుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పిపెట్లు, గట్టి మూత గల 5 మి.లీ., 30 మి.లీ. గాజు సీసాలు, వాసన చూసే కాగితపు పట్టీలు, నైట్రైల్ చేతి తొడుగులు, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. రబ్బరు బుడ్డి గల డ్రాపరు సీసాలలో సుగంధ రసాయనాలను నిల్వ చేయవద్దు. వాటి ఆవిరికి రబ్బరు ఉబ్బి జిగటగా మారి, సీసాలోని సరుకును కూడా చెడగొడుతుంది.

పలుచన చేయడానికి డైప్రొపిలీన్ గ్లైకాల్ వాడండి. అయితే మీ అత్తరుకు ఆధారం లిక్విడ్ పారఫిన్ అయితే గ్లైకాల్ పనికిరాదు. రెండూ కలవక మబ్బు కమ్మినట్లయి, నిలబెడితే పొరలుగా విడిపోతాయి. అటువంటప్పుడు ఐసోప్రొపైల్ మిరిస్టేట్‌లో పలుచన చేసుకోవాలి. గంధపు నూనె ఆధారంగా అత్తరు చేసేవారు ఆ నూనెలోనే పలుచన చేసుకోవచ్చు గాని, ప్రయోగాల దశలో అంత ఖరీదైన నూనెను ఖర్చు చేయవలసిన అవసరం లేదు.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు

ఈ ద్రవం జ్వలన స్థానం, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల వేడి, సుమారు 44 డిగ్రీల సెల్సియస్. మన తీరంలో వేసవి మధ్యాహ్నం రేకుల కప్పు కింద వేడి ఆ దరిదాపులకు చేరగలదు. కాబట్టి గ్యాసు పొయ్యి, దీపం, దోమల చుట్ట, అగరుబత్తి వెలుగుతున్న గదిలో సీసా మూత తీయవద్దు. భట్టీ దగ్గర అసలు వద్దు.

రెండవది ఈ గంజాం జిల్లా వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది. మన దగ్గర మొగలి నీరు మిఠాయిలలోకీ బిర్యానీలోకీ వెళుతుంది. పరిమళ ద్రవ్యాల కోసం కొన్న హెక్సెనాల్‌ను గాని, దానితో చేసిన మిశ్రమాన్ని గాని తినే మొగలి నీటిలో ఎన్నడూ కలపవద్దు. ఆహారంలో వాడే శ్రేణి వేరు, దాని నిబంధనలు వేరు. పాత్రలను, పిపెట్లను కూడా విడివిడిగా ఉంచండి.

చేసే విధానం

1. ముందుగా పలుచన ద్రావణాలు చేసుకోండి. కాటా మీద 30 మి.లీ. సీసా పెట్టి సున్నా చేసి, 9 గ్రాముల డైప్రొపిలీన్ గ్లైకాల్ పోసి, దానిలో 1 గ్రాము హెక్సెనాల్ వేసి మూత బిగించి కలపండి. ఇది 10 శాతం ద్రావణం. దీనిలో నుంచి 1 గ్రాము తీసి మరో 9 గ్రాముల గ్లైకాల్‌లో కలిపితే 1 శాతం ద్రావణం వస్తుంది. రెండు సీసాల మీద పేరు, శాతం, తేదీ వెంటనే రాయండి. తరువాత రాద్దామనుకుంటే, పక్కపక్కన నిలబడ్డ రెండు రంగులేని ద్రవాలలో ఏది ఏదో చెప్పడం మీ వల్ల కాదు. గ్లైకాల్‌ను ముందు పోయడానికి కారణం ఉంది: హెక్సెనాల్ ముందు పోస్తే, మిగిలినది తూచే లోపల కొంత ఎగిరిపోవడమే కాక గదంతా ఆ వాసనతో నిండి, ఆ రోజుకు మీ ముక్కు ఆ వాసనను గుర్తించడం మానేస్తుంది.

2. సరుకు మంచిదో కాదో 1 శాతం ద్రావణంతో చూడండి. పట్టీని అర అంగుళం ముంచి, ఫ్యాను ఆపి, ముక్కుకు తగలకుండా కొద్ది దూరంలో పెట్టి వాసన చూడండి. అప్పుడే కోసిన గడ్డి, చిదిమిన చిక్కుడాకు గుర్తుకు రావాలి. శుభ్రంగా, కొంచెం పదునుగా ఉండాలి. పాత నూనె, కిరసనాయిలు, జిడ్డు వంటి ఛాయలు వస్తే సరుకులో ఇతర హెక్సెనాల్ రూపాలు కలిసి ఉండవచ్చు, లేదా అది పాతబడి ఉండవచ్చు. దానిని ఏ మోతాదులో వాడినా అత్తరు బాగుపడదు. సీసాలోని అసలు ద్రవాన్ని నేరుగా వాసన చూసి తీర్పు ఇవ్వవద్దు. నేరుగా చూస్తే మంచి సరుకు కూడా ముక్కులో గుచ్చినట్లు ఉంటుంది.

3. మూల మిశ్రమం తయారు చేయండి. ఈ పరీక్షల కోసం నేను వాడే మొగలి మూలం ఇది; మొత్తం 12 గ్రాములు. ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ 3.0 గ్రాములు, హెడియోన్ (మల్లె ఛాయ గల రసాయనం) 3.5, లినలూల్ 1.2, గ్లైకాల్‌లో 10 శాతానికి పలుచన చేసిన మొగలి రూహు 1.3, ఐసో ఈ సూపర్ (కలప ఛాయది) 1.5, సిస్-3-హెక్సెనైల్ సాలిసిలేట్ 0.9, 50 శాతం గాలక్సొలైడ్ (కస్తూరి ఛాయది) 0.6. రూహు ఖరీదైనది కనుక పలుచన చేసి వాడుతున్నాము. అంత పలుచనలో కూడా అది స్పష్టంగా తెలుస్తుంది. మీకు ఇప్పటికే సొంత మిశ్రమం ఉంటే దానినే 12 గ్రాములు తీసుకోవచ్చు గాని, అందులో సిస్-3-హెక్సెనైల్ సాలిసిలేట్ లేకపోతే ఆరవ మెట్టు చదివిన తరువాతే మొదలుపెట్టండి.

4. ఐదు చిన్న సీసాలు వరుసగా పెట్టి ఒక్కొక్కదానిలో 2 గ్రాముల చొప్పున మూల మిశ్రమం పోయండి. మిగిలిన 2 గ్రాములు తరుగుకూ, తప్పు దిద్దుకోవడానికీ. మొదటి సీసాలో 0.20 గ్రాము ఉత్త గ్లైకాల్ మాత్రమే వేయండి, ఇది పోల్చడానికి. రెండవదానిలో 10 శాతం హెక్సెనాల్ ద్రావణం 0.02 గ్రాము, మూడవదానిలో 0.04, నాలుగవదానిలో 0.10, ఐదవదానిలో 0.20 గ్రాము వేయండి. లెక్క చూసుకుంటే మిశ్రమంలో అసలు హెక్సెనాల్ వరుసగా దాదాపు 0.1, 0.2, 0.5, 0.9 శాతం అవుతుంది. కాటా నమ్మదగినంత సున్నితంగా లేకపోతే, 0.02 గ్రాము 10 శాతం ద్రావణానికి బదులు 0.20 గ్రాము 1 శాతం ద్రావణం వేయండి. అసలు హెక్సెనాల్ అంతే పడుతుంది, తూకంలో తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది.

ఈ మెట్టును దాటవేసి, "కొంచెం కొంచెం వేస్తూ వాసన చూసుకుంటాను" అనుకునే వారు చాలామంది. నేనూ మొదటి సంవత్సరం అలాగే చేశాను. 100 గ్రాముల మొగలి మిశ్రమంలో పలుచన చేయని హెక్సెనాల్ వేస్తూ, వేసిన కొద్దీ ముక్కు అలవాటుపడి తక్కువైందనిపించి, చివరకు 3 గ్రాములు వేశాను. మరునాడు ఉదయం సీసా తెరిస్తే మొగలి జాడ లేదు. దానిని మామూలు మోతాదుకు దించాలంటే మొత్తం కనీసం కిలోన్నర మిశ్రమం కావాలి. మూడు నెలలపాటు ప్రతి కొత్త మిశ్రమంలో దానిని కొద్దికొద్దిగా కలిపి వదిలించుకున్నాను. ముక్కు అలసిపోయినప్పుడు అది మనకు నిజం చెప్పదు. అందుకే మోతాదును ముందే కాటాతో నిర్ణయించి, ముక్కును తీర్పు కోసం మాత్రమే వాడాలి.

5. గడియారం పెట్టుకుని వాసన చూడండి. సీసాలను కనీసం ఒక రాత్రి కదపకుండా ఉంచి, మరునాడు ఐదు పట్టీల మీద సంఖ్యలు రాసి, ఒకే లోతులో ముంచండి. ముంచిన వెంటనే, 10 నిమిషాలకు, 30 నిమిషాలకు, గంటకు, 3 గంటలకు, మరునాడు ఉదయం వాసన చూసి, ప్రతిసారీ ఒక్క వాక్యమైనా రాయండి. మధ్యమధ్య బయట వరండాలోకి వెళ్లి మామూలు గాలి పీల్చుకుని రండి. వీలైతే పట్టీల సంఖ్యలు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా అందించమనండి.

తీర్పును మొదటి నిమిషంలో ఇవ్వవద్దు. ముంచిన వెంటనే ఐదవ పట్టీ అన్నింటికంటే ఆకర్షణీయంగా అనిపించవచ్చు. 10 నిమిషాలకు అది మొగలిని మింగేస్తుంది. నేను చూసినంతలో, మొగలి మిశ్రమానికి సరిపోయేది రెండవ, మూడవ సీసాల మధ్య ఉంటుంది. మల్లె, లిల్లీ వంటి తెల్లపూల మిశ్రమాలకు మూడవ, నాలుగవ సీసాల మధ్య కూడా నప్పుతుంది. సరైన మోతాదును గుర్తుపట్టే పద్ధతి ఒకటి ఉంది. రెండవ పట్టీని చూసి మొదటి పట్టీని చూస్తే, మొదటిది వాడిపోయినట్లు అనిపించాలి. కానీ రెండవదాన్ని ఒంటరిగా చూసినప్పుడు "ఇందులో గడ్డి ఉంది" అనిపించకూడదు. గడ్డి విడిగా పేరు పెట్టి చెప్పగలిగేంతగా కనిపిస్తే మోతాదు దాటినట్లే.

6. గంటలోపే పచ్చిదనం మాయమైతే మోతాదు పెంచవద్దు. అందరూ చేసే పెద్ద తప్పు ఇదే. హెక్సెనాల్ స్వభావమే ఎగిరిపోవడం. మోతాదు రెట్టింపు చేస్తే మొదటి పది నిమిషాలు భరించలేనట్లు ఉంటుంది గాని, మూడవ గంటలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చేయవలసింది దాని వెనుక నెమ్మదిగా నడిచే పచ్చి పదార్థాన్ని నిలబెట్టడం. మూల మిశ్రమంలో సిస్-3-హెక్సెనైల్ సాలిసిలేట్ ఉంచినది ఇందుకే. దాని వాసన మెత్తగా, ఆకు మీద కాస్త నూనె రాసినట్లు ఉండి, పట్టీ మీద రోజుల తరబడి నిలుస్తుంది. హెక్సెనాల్ ఎగిరిపోయే సమయానికి ముక్కు దీనిని పట్టుకుంటుంది కనుక పచ్చిదనం కొనసాగినట్లు అనిపిస్తుంది. మీ సొంత మిశ్రమంలో ఇది లేకపోతే 5 శాతంతో మొదలుపెట్టి చూడండి.

ఇంకా పదునైన పచ్చిదనం, మధ్య దశ వరకు నిలవాలంటే ట్రిప్లాల్ ఉంది. ఇది హెక్సెనాల్ కంటే బలమైనది, ఎక్కువసేపు నిలిచేది, పూర్తిగా మనిషి తయారు చేసినది. దీనిని 1 శాతం ద్రావణంగానే చేతిలోకి తీసుకోండి. అయితే ఇది ఆల్డిహైడ్. గాలి తగిలితే ఆక్సీకరణ చెంది పుల్లని ఛాయకు తిరుగుతుంది. మిథైల్ ఆంత్రానిలేట్ ఉన్న మల్లె, నారింజపూల మిశ్రమాలలో దానితో చర్య జరిపి రంగు ముదురుతుంది. లేత రంగులో ఉండవలసిన అత్తరుకు ఇది ముఖ్యమైన విషయం. హెక్సెనాల్ ఆల్కహాలు కనుక ఈ ఇబ్బంది పెట్టదు. సిస్-3-హెక్సెనైల్ ఎసిటేట్ కూడా కొందరు సూచిస్తారు. దాని పచ్చిదనంలో పండని అరటికాయ తొక్క ఛాయ ఉంటుంది, హెక్సెనాల్‌లాగే త్వరగా పోతుంది. మొగలికి అది నాకు నచ్చలేదు, మామిడి ఛాయ గల మిశ్రమాలకు బాగుంటుంది. ట్రాన్స్-2-హెక్సెనాల్‌ను పోలిన పేరుగల ట్రాన్స్-2-హెక్సెనల్ అనే ఆల్డిహైడ్‌ను మాత్రం కొత్తవారు ముట్టవద్దు. చర్మానికి పడకపోవడం వలన ఇఫ్రా దాని వాడకాన్ని చాలా తక్కువకు పరిమితం చేసింది. ఒక్క అక్షరం తేడాతో పొరపాటున ఆర్డరు పెట్టిన వారిని చూశాను.

7. మోతాదు తేలిన తరువాత అసలు మిశ్రమం కలపండి. ఎగిరిపోయే గుణం వలన హెక్సెనాల్‌ను అన్నింటికంటే చివర వేయండి. ఏదైనా పదార్థాన్ని కరిగించడానికి వేడి చేయవలసి వస్తే, పూర్తిగా చల్లారిన తరువాతే వేయండి. సీసాను మెడ వరకు నింపి, చీకటిలో రెండు వారాలు ఉంచి మళ్లీ వాసన చూడండి. మొదటి రోజు కాస్త విడిగా కనిపించిన పచ్చిదనం ఈ సమయంలో మిశ్రమంలో కుదురుకుంటుంది. అందుచేత కలిపిన రోజునే "ఇంకొంచెం తగ్గించాలి" అని దిద్దుబాట్లు మొదలుపెట్టవద్దు.

స్ప్రేగా చేసేవారు 15 శాతం మిశ్రమం, మిగిలినది పరిమళ శ్రేణి స్పిరిట్ అన్న నిష్పత్తితో మొదలుపెట్టవచ్చు. మిశ్రమంలో 0.2 శాతం హెక్సెనాల్ ఉంటే తయారైన స్ప్రేలో అది 0.03 శాతం అవుతుంది. స్పిరిట్ కొనుగోలుకూ నిల్వకూ ఎక్సైజు నిబంధనలు వర్తిస్తాయి, ముందుగా తెలుసుకోండి. రంగుల దుకాణంలో దొరికే మిథిలేటెడ్ స్పిరిట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. దానిలోని మిథనాల్ విషం, చర్మం ద్వారా, ఆవిరి ద్వారా కూడా లోపలికి పోతుంది.

అగరుబత్తుల కోసం అడిగే వారికి నా సలహా, దీని మీద డబ్బు పెట్టవద్దనే. బత్తి ఆరేటప్పుడే చాలా భాగం ఎగిరిపోతుంది. సబ్బులో మాత్రం ఇది చక్కగా నిలబడుతుంది.

8. చర్మం మీద చూడడం చివరి పరీక్ష. తయారైన, పలుచన చేసిన అత్తరునే మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి 48 గంటలు గమనించండి. ఎరుపు, దురద వస్తే వాడవద్దు. మిశ్రమంలోని ప్రతి పదార్థానికీ ఇఫ్రా ధ్రువపత్రంలో ఉన్న గరిష్ఠ పరిమితితో మీ శాతాలను పోల్చి చూడండి. సాలిసిలేటును, లినలూల్‌ను కూడా చూడడం మరువవద్దు. లినలూల్ పాతబడితే పుట్టే పెరాక్సైడ్లు చర్మానికి పడవు కనుక పాత సీసాలోది వాడవద్దు. చర్మం మీద పచ్చిదనం పట్టీ మీద కంటే త్వరగా పోతుంది, చెమట పట్టే మన వాతావరణంలో మరీ త్వరగా పోతుంది. దానికి కూడా మందు ఆరవ మెట్టులో చెప్పినదే.

అమ్మే వారు చీటీ మీద ఏమి రాస్తారన్నది కూడా ఈ పనిలో భాగమే. గంజాం కేవడా (మొగలి) రూహుకూ, గంజాం కేవడా పువ్వుకూ భౌగోళిక సూచిక నమోదు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందే గుర్తింపు, ఉంది. హెక్సెనాల్ కలిపిన మిశ్రమం ఎంత బాగున్నా అది రూహు కాదు. దానిని మొగలి పరిమళం అనో, మొగలి మిశ్రమం అనో రాసి అమ్మండి. తెల్లవారకముందే ముళ్ల ఆకుల మధ్య చేయి పెట్టి పువ్వు కోసేవారి శ్రమకు, భట్టీ పనివారి శ్రమకు వచ్చిన పేరు అది.

నిల్వ సంగతి. అసలు హెక్సెనాల్ సీసాను చల్లని, చీకటి చోట, వీలైతే ఆహారం పెట్టని చిన్న ఫ్రిజ్‌లో ఉంచండి. సీసా సగమైతే చిన్న సీసాలోకి మార్చి గాలి తగ్గించండి. ఆరు నెలలకొకసారి కొత్తగా 1 శాతం ద్రావణం చేసి రెండవ మెట్టులోని పరీక్ష మళ్లీ చేయండి. పరీక్షలో మిగిలిన నాలుగవ, ఐదవ సీసాలను పారబోయవద్దు. వాటి మీద హెక్సెనాల్ శాతం రాసి దాచి, తరువాతి మొగలి మిశ్రమం కలిపేటప్పుడు పచ్చిదనం కోసం హెక్సెనాల్ ద్రావణానికి బదులు వాటినే లెక్కగట్టి వేయండి. మూలం అదే కనుక మిశ్రమం నిష్పత్తి పెద్దగా మారదు.